ట్రాలీ లైట్ల మేస్త్రీ

కిందటి నెల ఖమ్మంలో చెవి డాక్టరు నా ఎడమ చెవిలోకి లైటు వేసి చూసి, "ఎప్పుడో గట్టి దెబ్బ తగిలింది. లోపల పాత చిల్లుంది. ఎట్లా తగిలింది?" అని అడిగాడు.

"కరెంటు మేస్త్రీ కొట్టాడండీ."

"కరెంటు కొట్టిందా?"

"కరెంటు కాదండీ, మేస్త్రీ. అరచేత్తో కొట్టాడు. ముప్పై ఏళ్లు దాటింది."

డాక్టరు కుర్రవాడు. నవ్వి, మీరు కేసు పెట్టలేదా అన్నాడు. లేదన్నాను. ఆ రోజు అక్కడ కేసు పెట్టాల్సిన దెబ్బలు వేరే ఉన్నాయని ఆయనకు చెప్పలేదు. చెవిలో వేసుకునే చుక్కల మందు రాయించుకుని బస్సెక్కాను. కొత్తగూడెం వచ్చేదాకా ఆ మేస్త్రీయే కళ్ల ముందు ఉన్నాడు. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడవి అంచున భూమి కొన్న రైతు. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు ట్రాక్టరూ ట్రాలీ కొన్నాం. మిరప బస్తాలు, ఇటుకలు, వెదురు, ఏది దొరికితే అది తోలేవాళ్లం. బండి నడిపేది జోగయ్య. కోయ మనిషి, నాకంటే ఆరేడేళ్లు పెద్ద. మాట తక్కువ. బండి ఎక్కే ముందు నాలుగు చక్రాలనూ చేత్తో తట్టి చూసుకునేవాడు.

కొత్తగూడెం నుంచి మణుగూరు పోయే దారిలో, సంతకు వెళ్లే మట్టిరోడ్డు చీలేచోట, మేస్త్రీ రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. గుమ్మం పక్కన పాత బ్యాటరీలు వరసగా పేర్చి ఉండేవి, అదే గుర్తు. మనిషి పొట్టి. ముంజేతులు మాత్రం సమ్మెట కొట్టేవాడి చేతుల్లా ఉండేవి. బ్యాటరీ ఆసిడ్ పడి వాటినిండా తెల్లమచ్చలు. చొక్కానిండా కూడా ఆసిడ్ తిన్న చిల్లులే. బల్బు హోల్డరుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ లాంపు ఎప్పుడూ మెడలో వేలాడుతూ ఉండేది. శుక్రవారం మసీదుకు వెళ్లేటప్పుడు మాత్రమే దాన్ని తీసి మేకుకు తగిలించేవాడు. ఆయన పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. అందరికీ మేస్త్రీయే.

బండి వచ్చి ఆగితే ఏమైందని అడిగే అలవాటు లేదు. తిన్నగా బండి వెనక్కి నడిచేవాడు. డ్రైవరు వెంటపడి, "సెల్ఫు తీస్కుంట లేదు మేస్త్రీ" అని మొత్తుకుంటున్నా వినేవాడు కాదు. వెనక లైటు వెలగకపోతే ముందు ఆ పని. అది అయ్యాకే సెల్ఫయినా, హారనైనా.

"ముందటి లైటు నువ్వు చూసుకునేటందుకు. ఎనకటి లైటు నిన్ను చూసేటందుకు. నీకు కనపడకుంటే నువ్వొక్కనివే సస్తవ్. నువ్వు కనపడకుంటే ఇంకొకడు సస్తడు. వాడేం పాపం జేసిండు?" అనేవాడు. అని ఊరుకునేవాడూ కాదు. చెయ్యి లేచేది.

ఆ చెయ్యి దెబ్బ తినని డ్రైవరు ఆ రోడ్డు మీద తక్కువ. ఫ్యూజు మాడిపోయినచోట సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టుకుని తిరిగేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మండేది. ఫ్యూజనేది బండికి ఏదైనా ఆపద వస్తే తాను తెగి బండిని కాపాడే సన్నటి తీగ. వెండికాగితం తెగదు. వైరింగంతా మాడ్చేస్తుంది. ఆ కాగితం కనబడితే ముందు దాన్ని డ్రైవరు నోట్లో కుక్కేవాడు, తర్వాత చెంప మీద కొట్టేవాడు. ఒకసారి కలప లారీ డ్రైవరొకడు, ముందు హెడ్‌లైటు చెయ్యి మేస్త్రీ, వెనకది తర్వాత చూద్దాంలే అన్నాడు. మేస్త్రీ సుత్తి తీసుకుని వెళ్లి వెలుగుతున్న రెండో హెడ్‌లైటు కూడా పగలగొట్టాడు.

"ఇప్పుడు యాడ గూడ లైటు లేదు. మొత్తం చేపిచ్చుకోని పో" అన్నాడు.

ఆ డ్రైవరు జాకీరాడ్డుతో మీదికి వచ్చాడు. ఇద్దరూ బ్యాటరీల మధ్య పడి దొర్లారు. మేస్త్రీకి పై పెదవి చీలింది, డ్రైవరుకు వేలు విరిగింది. సాయంత్రానికి అన్ని లైట్లూ వెలిగాయి. ఆ డ్రైవరు తర్వాత కూడా అక్కడికే వచ్చేవాడు. మరి తప్పదు. పది మంది చూసి వదిలేసిన జబ్బును ఆయన ఒక్కడే పట్టేవాడు.

ఎందుకంత కోపమని జనం రకరకాలుగా చెప్పుకునేవాళ్లు. ఆయన తమ్ముడు లైటు లేని ట్రాలీకి గుద్దుకుని చచ్చిపోయాడట అనేది అందులో గట్టి కథ. నేను ధైర్యం చేసి అడిగాను.

"మా తమ్ముడా? వాడు దుబాయిల ఉన్నడు. మొన్ననే ఉత్తరం రాసిండు" అన్నాడు. "కోపానికి కారణం గావాల్నా? లైటు లేదు గదయ్యా. అది సాలదా?"

నా ట్రాలీని ఆయన దగ్గరికి తీసుకువెళ్లింది మిరపకాయలు తోలే కాలంలో. దానికి విచిత్రమైన జబ్బు. బ్రేకు తొక్కితే వెనక ఎర్రలైటు వెలగాల్సింది పోయి ఉన్న లైటు కూడా ఆరిపోయేది. గుంతలో పడితే మళ్లీ వెలిగేది. ముగ్గురు మెకానిక్కులు బల్బులు మార్చారు, స్విచ్చి మార్చారు, వైరు మార్చారు. జబ్బు అట్లాగే ఉంది. నేనూ జోగయ్యా బండి తెచ్చి షెడ్డు ముందు ఆపాం.

మేస్త్రీ ట్రాలీ కింద వెల్లకిలా దూరి, వెనక నుంచి ముందుకు వైరు వెంట వేలు పెట్టుకుంటూ వచ్చాడు. చివరికి ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఉన్న కొక్కెం దగ్గర ఆగాడు. టెస్ట్ లాంపు ఒక వైరు బ్యాటరీకి పెట్టి, రెండో వైరుతో కొక్కేన్ని గోకాడు. బల్బు మిణుకుమంది.

"కరెంటు పోతే సాలదు తమ్మీ, తిరిగి రావాలె. నీ ట్రాలీకి పొయ్యేటందుకు వైరున్నది. వచ్చేటందుకు ఈ కొక్కెమే తొవ్వ. అది తుప్పు పట్టింది. బండి ఊగినప్పుడు అంటుతది, ఊగకుంటే అంటదు." అని ట్రాలీ ఇనుము నుంచి ట్రాక్టరుకు వేరే వైరు ఒకటి వేశాడు. నేను వెనక ఒక్క లైటు చాలన్నాను. నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. రెండు పక్కలా రెండు లైట్లు బిగించాడు.

ఆ పని నడుస్తుండగానే ఒక జీపు వచ్చింది. సంతకు జనాన్ని ఎక్కించుకుపోయే జీపు. డ్రైవరుకు ఇరవై రెండేళ్లుంటాయి. మీసం ఇంకా సరిగా కుదురుకోలేదు.

"మేస్త్రీ, ఒక హెడ్‌లైటు వస్తలేదు. ఇంకోటి గుడ్డిగ ఉంది. జర జల్దీ చూడవా?" అన్నాడు.

మేస్త్రీ ముందు వెనక్కి వెళ్లి చూశాడు. వెనక లైట్లు బాగానే ఉన్నాయి. బానెట్ ఎత్తి ఫ్యూజు పెట్టె తెరిచాడు. లోపల వెండికాగితం.

"ఎవడు పెట్టిండు?"

"మా ఓనరు గట్లనే నడుపుమన్నడు..."

మాట పూర్తికాకముందే దెబ్బ పడింది. ఆ కుర్రవాడు బ్యాటరీల మీద పడ్డాడు. మేస్త్రీ కాలర్ పట్టుకుని లేపి మళ్లీ కొట్టాడు. "మీ ఓనర్ని తోల్కరాపో. ఆడొచ్చిందాక ఈ జీపుకు చెయ్యి పెట్ట. నడువ్!" అని స్పానరు విసిరాడు. అది జీపు తలుపుకు తగిలి సొట్టపడింది. కుర్రవాడు చొక్కా దులుపుకుని, తల వంచుకుని, గుడ్డిలైటు జీపు ఎక్కి వెళ్లిపోయాడు.

నేను నవ్వాను. నిజంగా నవ్వొచ్చింది. జోగయ్య నవ్వలేదు. "లైటు చేసి పంపితే అయిపోవు గద" అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినబడేట్టు.

తర్వాత పది రోజులకు, సంత రోజున, పొద్దు వాలాక జోగయ్య ఖాళీ ట్రాలీతో వస్తుంటే కల్వర్టు దాటగానే ట్రాలీ టైరు పంక్చరయింది. బండిని రోడ్డు పక్కకు దించినా ట్రాలీ వెనక మూల కొంచెం తారు మీదే ఉండిపోయింది. వెనక లైట్లు వెలుగుతూనే ఉంచి, జోగయ్య చక్రం విప్పుతున్నాడు. సంత నుంచి వచ్చే జీపు ట్రాలీ కుడిమూలను గుద్దింది. జీపులో ఇద్దరు చచ్చిపోయారు. ఒకరు కూరగాయల బుట్టతో ఎక్కిన ముసలామె. ఇంకొకడు పక్క ఊరి యువకుడు, పెళ్లయి ఆరు నెలలు.

కబురంది నేను మోటారుసైకిలు మీద వెళ్లేసరికి సంత నుంచి తిరిగి వచ్చే జనమంతా అక్కడే ఉన్నారు. నూరు మంది పైనే. చచ్చిపోయిన యువకుడి మేనమామ, అన్నదమ్ములు ముందున్నారు. ట్రాలీకి లైటు లేదు, అందుకే గుద్దానని జీపు డ్రైవరు చెప్పాడట. మేస్త్రీ వెళ్లగొట్టిన ఆ కుర్రవాడే. నుదురు పగిలి కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. జోగయ్యను బస్తాలు కట్టే మోకుతో ట్రాలీ చక్రానికి కట్టేశారు. ముఖం గుర్తుపట్టేట్టు లేదు. ముందు పళ్లు రెండు లేవు. ఒకడు జాకీరాడ్డుతో మోకాళ్ల మీద కొడుతున్నాడు. దెబ్బ పడినప్పుడల్లా జనం నుంచి 'ఊఁ' అని ఒక మూలుగు లేస్తోంది. ఇంకొకడు నా ట్రాక్టరులోంచే డబ్బాలోకి డీజిలు పట్టి తెచ్చి జోగయ్య తల మీద పోస్తున్నాడు.

జోగయ్య నన్ను చూశాడు.

"బాబూ, లైటు ఏసే ఉన్న. నువ్వు చెప్పు బాబూ!"

అందరూ నా వైపు తిరిగారు. "బండి నీదేనా?" అని మేనమామ అడిగాడు. ఆయన చేతిలో గొడ్డలి ఉంది. ఆ క్షణంలో నేనేం చేశానో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. "లైటు వేసుకోరా అని ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు!" అని అరుస్తూ ముందుకు వెళ్లి, కట్టేసి ఉన్న జోగయ్య చెంప మీద కొట్టాను. నా చేతికి డీజిలూ రక్తమూ అంటుకున్నాయి.

రెండో దెబ్బకు చెయ్యి ఎత్తాను. అప్పుడు నా ఎడమ చెవి పేలిపోయినట్టయింది. కింద పడ్డాను. తల మీద మేస్త్రీ నిలబడి ఉన్నాడు. సైకిలు మీద వచ్చాడట. ఎవరో వెళ్లి, నువ్వు వైరింగు చేసిన ట్రాలీయే అని చెప్పారట.

"చూసినవా? లైటు లేంది నువ్వు చూసినవారా? చూడకుంట ఎట్ల కొడ్తవ్?" అని నన్ను తన్ని, అటు తిరిగి, డీజిలు డబ్బా పట్టుకున్నవాడి మణికట్టు మీద స్పానరుతో కొట్టాడు. డబ్బా దొర్లిపోయింది. నలుగురు ఆయన మీద పడ్డారు. ఆయన దెబ్బలు తింటూనే, కొడుతూనే ట్రాలీ దాకా వెళ్లి జోగయ్యకు అడ్డంగా నిలబడ్డాడు.

"వైరింగు నాది! తగలబెట్టాల్నంటే నన్ను గూడ కలిపి తగలబెట్టున్రి. ముందుగాల నన్ను చూడనియ్యున్రి. లైటు లేకుంటే నేనే అగ్గిపుల్ల గీస్త!"

ఆ చివరి మాటకు ఆగారు. మేనమామ, "చూడనియ్యి" అన్నాడు.

మేస్త్రీ నేల మీద పడుకుని ట్రాలీ కిందికి దూరాడు. గుద్దుడుకు కుడిపక్క లైటు నుజ్జయింది, అక్కడ వైరు తెగింది. ఎడమ లైటుకు పోయే వైరు కూడా ఆ తెగినచోటు నుంచే పోతుంది. ఆయన తెగిన కొసలు రెండూ పళ్లతో గీకి మెలేశాడు. ఎడమ లైటు ఎర్రగా వెలిగింది. జనంలో కదలిక వచ్చింది.

"ఇప్పుడు ఎలిగింది. అప్పుడు స్విచ్చి ఏసుకోలేదు, గుద్దినంక ఏసిండు!" అని ఎవరో అరిచారు.

మేస్త్రీ నుజ్జయిన లైటులోంచి పగిలిన బల్బును జాగ్రత్తగా ఊడదీశాడు. జేబులోంచి రెండు కొత్త బల్బులు తీశాడు. ఒకటి వెలిగించకుండానే పటకారుతో గాజు పగలగొట్టి, లోపలి తీగను మేనమామకు చూపించాడు. తీగ చెక్కుచెదరకుండా తళతళమంటోంది. రెండోదాన్ని బ్యాటరీకి పెట్టి, వెలుగుతుండగా పగలగొట్టాడు. తెల్లటి పొగ చిన్నది లేచి, తీగ మాడి బూడిదైంది. అప్పుడు ట్రాలీ బల్బును అరచేతిలో పెట్టి చాపాడు. తీగ లేదు. దాని మొదట్లో తెల్లటి బూడిద అంటుకుని ఉంది.

"సల్లగ ఉన్నప్పుడు పగిలితే తీగ గట్లనే ఉంటది. ఎలుగుతున్నప్పుడు పగిలితే గాలి తగిలి కాలుతది. ఇది ఎలుగుతుండంగ పగిలింది. చూడు."

చేతులు మారుతూ ఆ మూడు బల్బులూ జనమంతా తిరిగాయి. ఒకతను వంగి జోగయ్య కట్లు విప్పాడు. మేస్త్రీ ఊపిరి పీల్చుకుని నుదుటి మీద రక్తం తుడుచుకున్నాడు. ఇక అయిపోయిందని నేను కూడా అనుకున్నాను.

మేనమామ కల్వర్టు వైపు తిరిగాడు. "లైటు లేదన్నవ్ గదరా" అన్నాడు, చాలా మెల్లగా.

జీపు డ్రైవరు లేచి పరుగెత్తాడు. పది అడుగులు కూడా పోలేదు. జోగయ్యను కొట్టిన రాడ్డులే, కర్రలే. ఈసారి మూలుగు లేదు, అరుపులు లేవు. దెబ్బల చప్పుడు మాత్రం వినబడుతోంది. నాకు ఒక్క చెవితోనే వినబడింది. మేస్త్రీ వాళ్ల మధ్యలోకి దూకాడు. "కొట్టుడు ఆపుతరని చూపిస్తే మనిషిని మార్చుకుంటరారా!" అని అరుస్తూ ఆ కుర్రవాడి మీద పడి వీపు అడ్డం పెట్టాడు. ఆయన్ను కాళ్లు పట్టి ఈడ్చేశారు. మళ్లీ పాక్కుంటూ వెళ్లాడు. అప్పుడు ఆ కుర్రవాడు ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"మేస్త్రీ, నువ్వెరుగుదువు గద! లైటు చెయ్యమని నీ దగ్గరికొచ్చిన గద మేస్త్రీ! చెప్పు వీళ్లకు!"

"అవ్, వచ్చిండు! నేనే ఎల్లగొట్టిన! నన్ను కొట్టున్రి!" అని మేస్త్రీ అరిచాడు. ఆ మాట విన్నది నేనూ జోగయ్యా మాత్రమే అనుకుంటాను. మిగతావాళ్లు వినే స్థితిలో లేరు.

వాళ్లు అలిసిపోయాక ఆగారు. శవాలను తీసుకుని కొందరు, ఊరికే కొందరు, ఒక్కొక్కరే చీకట్లో కలిసిపోయారు. ఆ కుర్రవాడికి ఇంకా ఊపిరి ఉంది. జీపు కదలదు. జోగయ్య ఒక కాలు ఈడ్చుకుంటూ లేచి, సగం విప్పిన చక్రం బోల్టులు మళ్లీ బిగించాడు. ఆ చక్రానికి గాలి లేకపోయినా ట్రాక్టరు ఎక్కి స్టార్టు చేశాడు. తన మీద అబద్ధం చెప్పిన మనిషిని దవాఖానాకు మోసుకుపోయింది అతనే. ట్రాలీలో ఖాళీ గోతాల మీద ఆ కుర్రవాణ్ని పడుకోబెట్టి, తల తన ఒళ్లో పెట్టుకుని మేస్త్రీ కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. దారి పొడవునా ఆయన ఒకటే మాట.

"రేపు పొద్దుగాల జీపు తీస్కరా బేటా. చేసిస్త. ఓనరు వద్దు, ఎవ్వరు వద్దు. నువ్వు తీస్కరా, చేసిస్త."

పాల్వంచ చేరకముందే ప్రాణం పోయింది. ఆయన మాత్రం దవాఖానా గేటు దాకా ఆ మాట ఆపలేదు.

పోలీసులు వచ్చారు, రాసుకున్నారు. కొట్టినవాళ్లు ఎవరో చెప్పడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. నేను కూడా, నేను వెళ్లేసరికే అంతా అయిపోయిందని చెప్పాను. మేస్త్రీ ఒక్కడే గుర్తున్న ముఖాలన్నీ చెప్పాడు. ఒక్కడి మాటతో కేసు నిలవలేదు.

జోగయ్య దవాఖానా నుంచి తిరిగి వచ్చాక చూడ్డానికి వాళ్ల గూడేనికి వెళ్లాను. తప్పయిందన్నాను. భయపడి కొట్టానన్నాను. పళ్లు పోయిన నోటితో మాట తొట్రుపడుతోంది.

"చానమంది కొట్టిండ్రు బాబూ. ఆళ్లెవరో నేనెరగ. నిన్ను ఎరుగుదు గద" అన్నాడు. "ఇగ నీ బండి తోల."

అంతే. కోపంగా కూడా అనలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం నేను మేస్త్రీ షెడ్డులో ఉన్నాను. తిట్టినా కొట్టినా అక్కడికి పోకుండా ఉండలేకపోయాను. జోగయ్య కూడా ఉన్నాడు, కుంటుతూ ఏదో సాయం చేస్తున్నాడు. చచ్చిపోయిన జీపు కుర్రవాడి అన్న వచ్చాడు. బోనకల్ వైపు వ్యవసాయం చేసుకునే మనిషి. చేతిలో దుడ్డుకర్ర. "బల్బు చూపించి మా తమ్ముణ్ని చంపించింది నువ్వేనా?" అని అడిగాడు.

మేస్త్రీ, "నేనే" అన్నాడు.

కర్ర లేచింది. మాటకు ముందే చెయ్యి లేచే మనిషి ఆ రోజు స్టూలు మీద నుంచి లేవలేదు. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది తలకు అడ్డం వచ్చిన కుడిచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కర్ర విరిగినట్టే వచ్చింది. జోగయ్య వెనక నుంచి వెళ్లి కర్ర పట్టుకున్నాడు.

"ఇడువు జోగయ్యా, కొట్టనీ" అన్నాడు మేస్త్రీ.

జోగయ్య విడవలేదు. ఆ అన్న కర్ర వదిలేసి, రోడ్డు మీదికి పోయి, బస్సు కోసం నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ చెయ్యి మళ్లీ సరిగా అతుక్కోలేదు. వేళ్లు ముడుచుకునే ఉండిపోయాయి. జోగయ్య అక్కడే పనికి కుదిరాడు. మేస్త్రీ చెప్పేవాడు, జోగయ్య కలిపేవాడు. ఆ తర్వాత మేస్త్రీ ఎవర్నీ కొట్టగా నేను చూడలేదు. వెండికాగితం కనబడితే ఎడమచేత్తో తీసి పారేసి, తన డబ్బాలోంచి ఫ్యూజు పెట్టించి, "పో నాయనా" అనేవాడు. డ్రైవర్లకు అది వింతగా ఉండేది. కొందరు వేళాకోళం చేసేవాళ్లు. నాకు మాత్రం ఆ మెత్తటి గొంతు వినబుద్ధయ్యేది కాదు.

ఒకసారి అడిగాను. "అట్లా అవుతుందని తెలిస్తే బల్బు చూపించేవాడివా మేస్త్రీ?"

జోగయ్య వైపు చూశాడు. జోగయ్య ఒక లారీ కింద పడుకుని పని చేస్తున్నాడు.

"బల్బు ఎలిగింది. ఎలగలేదని ఎట్ల చెప్పాలె?" అన్నాడు. "బల్బుతోని కాదు తమ్మీ, పది రోజుల ముందుగాలనే చంపిన" అన్నాడు.

రెండేళ్లు గడిచాయి. ఒక సాయంకాలం చెరుకు గడల ట్రాలీతో ఒక ట్రాక్టరు వచ్చి షెడ్డు ముందు ఆగింది. దిగింది జీపు కుర్రవాడి అన్నే. మణుగూరు సంతకు చెరుకు తోలుకుపోతున్నాడు. వెనక లైట్లు ఆరిపోయాయి. చుట్టుపక్కల చాలా దూరం దాకా ఇంకో మేస్త్రీ లేడు. నేను షెడ్డులోనే ఉన్నాను. ఆయన మమ్మల్ని చూసి వెనక్కి తిరగబోయాడు.

"ఆగు, చూస్త" అన్నాడు మేస్త్రీ. జోగయ్య లేవబోతే వద్దన్నాడు. తానే ట్రాలీ కింద దూరాడు. బాగున్న చెయ్యి ఒక్కటే. వైరు పళ్ల మధ్య పట్టుకుని, ముడుచుకున్న వేళ్ల కింద నొక్కి, ఎడమచేత్తో మెలేసేవాడు. జారిపోతే మళ్లీ. ఎవరికైనా అరగంట పని. ఆయనకు దాదాపు రెండు గంటలు పట్టింది. ఆ అన్న ఒకమాటు వంగి చూసి, లేచి అటూ ఇటూ తిరిగాడు. చివరికి కింద కూర్చుని ట్రాలీ కిందికి చూస్తూ అడిగాడు.

"మా తమ్ముడు గూడ గిట్లనే బండి తెచ్చిండా నీ తాన్కి?"

ఆ ప్రశ్న ఎవరైనా చెబితే అడిగాడో, ఊరికే అడిగాడో తెలియదు. మేస్త్రీ చెయ్యి ఆగింది. నేను వద్దన్నట్టు తల ఊపాను. ఆయన నన్ను చూడలేదు.

"తెచ్చిండు" అన్నాడు. "లైటు చెయ్యుమన్నడు. నేను రెండు దెబ్బలు కొట్టి ఎల్లగొట్టిన. జేసి పంపితే గీ గతి రాకుండె."

ఆ అన్న పక్కనే జాకీరాడ్డు ఉంది. జోగయ్య లేచి దాని దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. ఆ అన్న దాన్ని చూశాడు, జోగయ్యను చూశాడు, మళ్లీ ట్రాలీ కింద ఉన్న మనిషిని చూశాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, ట్రాక్టరు ఎక్కి సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టాడు.

"ఎలుగుతుందా?" అన్నాడు, తల తిప్పకుండా.

మేస్త్రీ పాక్కుంటూ బయటికి వచ్చి ట్రాలీ వెనక నిలబడ్డాడు. రెండు లైట్లూ ఎర్రగా వెలుగుతున్నాయి.

"ఎలుగుతుంది."

"మంచిగ చూడు. రెండూ?"

"రెండూ ఎలుగుతున్నయ్ నాయనా."

ఆయన కాలు తియ్యలేదు. మేస్త్రీ తియ్యమని అనలేదు. ముందు ఆయనా వెనక ఈయనా ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా అట్లాగే ఉండిపోయారు.